బాలచందర్ అంటే రజనీని పరిచయం చేసిన ఆయనేనా? ఆయన రాత గురించి ఎవరూ మాట్లాడరేం?

కృష్ణానగర్_కుర్రాడు
జూలై 9, దర్శకుడు కె. బాలచందర్ పుట్టినరోజు వచ్చిందంటే చాలు, ప్రతి ఏడూ ఇదే వరస. "రజనీకాంత్‌ను పరిచయం చేసిన గురువు", "కమల్‌ను హీరోను చేసిన దర్శకుడు" అని రెండు ముక్కలు, 'అపూర్వ రాగంగళ్'లో గేటు తోసుకుని వస్తున్న రజనీ ఫోటో ఒకటి. అక్కడితో సరి. కె. బాలచందర్ వంద సినిమాల దాకా తీశారు. వాటిలో చాలావాటికి కథ, స్క్రీన్‌ప్లే ఆయనవే. దాని గురించి ఒక్కరూ మాట్లాడరు.
నేను సినిమా రచనా విభాగంలో పనిచేస్తున్నా. మొన్న కథాచర్చలో 'ఆకలి రాజ్యం'లో తిండి సీను ప్రస్తావిస్తే "అదంతా పాత మెలోడ్రామా, వదిలెయ్" అని తీసిపారేశారు. ఒళ్లు మండింది. ఆయన రాత మీద పట్టున్నవాళ్లు చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టి చూడాలి? ఏం గమనించాలి?

సినీపిచ్చి79
మరో చరిత్ర. అంతే. ఇంకో మాట లేదు.

రాజమండ్రి_రవి
అంతులేని కథ ముందు చూడు తమ్ముడూ. తర్వాత మిగతావి.

మాంబళం_మూర్తి
సినిమాల జాబితా తర్వాత. ముందు మనిషి ఎక్కడినుంచి వచ్చారో తెలిస్తే రాత అర్థమవుతుంది.
1930లో నన్నిలంలో పుట్టారు, అప్పటి తంజావూరు జిల్లా. అణ్ణామలై యూనివర్సిటీలో జువాలజీ డిగ్రీ. కొన్నాళ్లు ముత్తుపేటలో బడిపంతులు. 1950లో మద్రాసు వచ్చి ఏజీ ఆఫీసులో, అంటే అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో, గుమాస్తాగా చేరారు. పగలు లెక్కల ఫైళ్లు, సాయంత్రం నాటకాలు. ఆ రోజుల్లో మద్రాసులో సభలని ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. చందా కట్టిన సభ్యులు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, కాఫీ తాగి, కుటుంబంతో వెళ్లి నాటకం చూసేవాళ్లు. ఆ ముందు వరుసల్లో కూర్చున్నవాళ్లంతా బాలచందర్ లాంటి గుమాస్తాలే. వాళ్ల ఇంటి సంగతి వాళ్లకే చెప్పి ఒప్పించాలి. తప్పుగా రాస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.
'మేజర్ చంద్రకాంత్', 'సర్వర్ సుందరం', 'నీర్కుమిళి', 'ఎదిర్ నీచ్చల్' అన్నీ ముందు నాటకాలే. 1964లో ఎంజీఆర్ సినిమా 'దైవత్తాయ్'కి మాటలు రాసేనాటికి, అదే ఏడాది ఏవీఎం వాళ్లు 'సర్వర్ సుందరం' తీసేనాటికి కూడా ఆయన ఉద్యోగంలోనే ఉన్నారు. మరుసటి ఏడాది 'నీర్కుమిళి'తో దర్శకుడయ్యారు. ఆ సినిమా దాదాపు మొత్తం ఒక ఆసుపత్రిలోనే నడుస్తుంది. పాటల కోసం కాశ్మీరు వెళ్లే రోజుల్లో, నాగేష్ అనే కమెడియన్‌ను పెట్టి, ఆసుపత్రి గోడలు దాటకుండా తొలి సినిమా తీశారు. రాత మీద ఎంత నమ్మకం ఉంటే అది చేస్తారు!

సినీపిచ్చి79
మేజర్ చంద్రకాంత్ ఎన్టీఆర్‌ది కదా సార్?

పాతపాట
@సినీపిచ్చి79 అది 1993లో వచ్చిన రాఘవేంద్రరావు గారి సినిమా, పేరు ఒకటే, కథ వేరు. బాలచందర్ నాటకం మనకు 1968లోనే 'సుఖదుఃఖాలు'గా వచ్చింది. ఎస్వీ రంగారావు గారు కళ్లు లేని మేజర్. కృష్ణశాస్త్రి గారి "ఇది మల్లెల వేళయనీ" పాట ఆ సినిమాలోదే. తమిళంలో ఆ పాత్ర వేసిన సుందరరాజన్‌కు జీవితాంతం 'మేజర్' ఇంటిపేరైపోయింది.

సినీపిచ్చి79
ఆ పాట రోజూ వింటాను, ఆయన కథలోదని ఇప్పుడే తెలిసింది!

పరిషత్_నటుడు
మూర్తి గారు చెప్పిన సభల సంగతికి నాదో ముక్క. మన పరిషత్తు పోటీల నాటకాలూ అంతే. ఒక సెట్టు, గంట సమయం, ముందు వరుసలో జడ్జీలు. పాత్ర లోపలికి ఎందుకొచ్చింది, ఎందుకు వెళ్లింది అన్నదానికి లెక్క చెప్పాలి. బాలచందర్ సినిమాల్లో ఆ లెక్క ఎక్కడా తప్పదు. 'భలే కోడళ్లు' చూడండి. పక్కింట్లోకి ఒక సినిమాతార అద్దెకు దిగుతుంది. అంతే కథ. ఆమెతో సరితూగాలని ముగ్గురు కోడళ్లు అప్పులు చేసి సామాన్లు కొంటారు. జీతం ఎంత, ఖర్చు ఎంత అన్నదే మొత్తం డ్రామా. తమిళంలో 'భామా విజయం', 1967. మరుసటి ఏడాది తెలుగులోనూ ఆయనే తీశారు.
ఇంకో పేరు మరిచిపోకండి. గణేశ్ పాత్రో. 'పావలా', 'కొడుకు పుట్టాల' రాసిన నాటకాల మనిషి. మరో చరిత్ర, ఇది కథ కాదు, గుప్పెడు మనసు, ఆకలి రాజ్యం, రుద్రవీణ... వీటన్నిటికీ మాటలు ఆయనవి. నాటకం తెలిసిన దర్శకుడికి నాటకం తెలిసిన మాటల రచయిత దొరికాడు కాబట్టే ఆ సినిమాలు తమిళంనుంచి దించుకున్నట్టు ఉండవు.

మాంబళం_మూర్తి
నిజం. 2014 డిసెంబర్ 23న బాలచందర్ పోయారు, 2015 జనవరి 5న పాత్రో గారు. రెండు వారాలు తిరక్కుండానే ఇద్దరూ. ఇక్కడ మద్రాసులో మా తెలుగువాళ్లకు ఆ సంక్రాంతి పండగలా లేదు.

లావణ్య_కె
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను అడ్డుపడతాను. నాకు ఆయన సినిమాలు ఇష్టమే. కానీ "స్త్రీల పక్షాన నిలబడ్డ దర్శకుడు" అన్న మాట దగ్గర ఆగిపోతాను. అంతులేని కథలో ఆ అమ్మాయి ఇంటిల్లిపాదినీ పోషిస్తుంది. చివరికి తనకు కుదిరిన పెళ్లి కూడా చెల్లెలికి ఇచ్చేసి మళ్లీ ఉద్యోగానికి బయల్దేరుతుంది. మరో చరిత్రలో ప్రేమికులిద్దరూ పెద్దల షరతు ప్రకారం ఏడాది పాటు ఒకరినొకరు చూడకుండా గెలుస్తారు, ఆ గెలుపు చేతికందే ముందు అమ్మాయి మీద అఘాయిత్యం, ఇద్దరి చావు. ఆడవాళ్లకు ప్రశ్నించే ధైర్యం ఇస్తారు, తర్వాత దానికి వాళ్లచేత మూల్యం కట్టిస్తారు. ఇది నాకు మింగుడు పడదు.

రాజమండ్రి_రవి
@లావణ్య_కె త్యాగం గొప్పదని ఆయన ఎక్కడన్నారు మేడమ్? ఆ చివర చూసి ఎవరికైనా సంతోషం కలుగుతుందా? కడుపు రగులుతుంది. మా పెద్దక్క అచ్చం అదే. నాన్న పోయాక టైపిస్టు ఉద్యోగంతో మా నలుగుర్నీ చదివించింది. ఆ సినిమా చూసి వచ్చిన రాత్రి మా అమ్మ అక్క పక్కన కూర్చుని "నీ పెళ్లి సంగతి ఆలోచించనేలేదే" అంది. అంతకుముందు ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. సినిమా చేసిన పని అది.

లావణ్య_కె
@రాజమండ్రి_రవి మీ అక్క సంగతి చదివి కళ్లు చెమర్చాయి. ఆ పెళ్లి జరిగిందా?

రాజమండ్రి_రవి
జరిగింది. ఇద్దరు మనవలు ఇప్పుడు.

వైజాగ్_వాసు
❤️

డల్లాస్_దుర్గ
అంతులేని కథలో జయప్రద ముఖం గమనించారా? సినిమా అంతా చిరాకు, కోపం. ఇంట్లో ఎవరితోనూ మెత్తగా మాట్లాడదు. సంపాదించే ఆడపిల్లను కన్నీళ్ల బొమ్మలా కాకుండా కసురుకునే మనిషిగా రాయడం 1976లో మాటలా? తమిళంలో సుజాత వేసిన పాత్ర కూడా అంతే. నేను ఇంటికి డబ్బు పంపిన రోజుల్లో నాకూ ఆ చిరాకే ఉండేది. ప్రేమ లేక కాదు, అలసట. ఆ అలసటను మొదట తెరమీద చూసింది అక్కడే.

సినీపిచ్చి79
ఫటాఫట్ జయలక్ష్మి పేరు కూడా ఆ సినిమాల్లో ఊతపదం నుంచే వచ్చింది. మా పిన్ని ఇప్పటికీ "ఫటాఫట్" అంటుంది.

వైజాగ్_వాసు
మరో చరిత్ర గురించి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మా ఊరి సముద్రం, మా భీమిలి. 1978లో అందరూ రంగుల్లో తీస్తుంటే నలుపు తెలుపులో తీశారు. హీరోయిన్ కొత్త పిల్ల, సరిత, చామనఛాయ, బొద్దుగా పక్కింటి అమ్మాయిలా ఉంటుంది. హీరో సగం సినిమా తమిళం మాట్లాడతాడు. ఆత్రేయ పాటలు, ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతం. ఆ అబ్బాయికి తెలుగు సరిగ్గా రాకపోవడం మీదే ప్రేమకథ నడుస్తుంది. లిఫ్ట్ ఆగిపోతే సినిమా పేర్లు కలిపి పాట పాడతాడు చూడండి, వచ్చిన నాలుగు ముక్కలతో అమ్మాయి కోపం పోగొట్టాలి కదా మరి.

మాంబళం_మూర్తి
@వైజాగ్_వాసు ఆ సినిమా మద్రాసు సఫైర్ థియేటర్లో తెలుగులోనే ఏడాదిన్నర పైగా ఆడింది. డబ్బింగ్ చెయ్యలేదు. మా వీధిలో తెలుగు ముక్క రానివాళ్లు పాటలన్నీ పాడేవాళ్లు. తర్వాత ఎల్వీ ప్రసాద్ గారు హిందీలో తీశారు, 'ఏక్ దూజే కే లియే', 1981. దర్శకుడు మళ్లీ బాలచందరే, జంట కమల్, రతి. అందులో పాటకే బాలూ గారికి జాతీయ అవార్డు.

కృష్ణానగర్_కుర్రాడు
ఇలాంటివే కావాలి నాకు. లిఫ్ట్ పాట రాతలో భాగమని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఫోటో బూడిద సీను కూడా ఉంది కదా. తల్లి అబ్బాయి ఫోటో కాల్చేస్తే, అమ్మాయి ఆ బూడిద కలుపుకుని తాగేస్తుంది. మాట లేదు.

జెన్‌జీ_సాయి
నా వయసు 22. నిజాయితీగా చెప్తున్నా, మొన్న యూట్యూబ్‌లో ఇది కథ కాదు అరగంట చూసి ఆపేశా. అందరూ ఎక్కువ మాట్లాడతారు. ఎమోషన్ వస్తే కెమెరా జూమ్. ఒక వస్తువు చూపించి దాని అర్థం మళ్లీ డైలాగులో చెప్తారు. మా జనరేషన్‌కు కష్టం.

పరిషత్_నటుడు
@జెన్‌జీ_సాయి నువ్వన్న లోపం ఉంది, కాదనను. స్టేజీ అలవాటు. వెనక వరుసకు కూడా అర్థం కావాలని గట్టిగా చెప్పడం. కానీ అరగంటకే ఆపేస్తే ఎలా బాబూ. ఆ సినిమాలో అసలు సంగతి అత్తగారు. హీరోయిన్ జయసుధను హింసించిన భర్త మళ్లీ వస్తాడు, ప్రేమించినవాడు ఉన్నాడు, నోరు విప్పలేక బొమ్మతో మాట్లాడించే ఇంకో మంచివాడు ఉన్నాడు. ముగ్గురిలో ఎవర్ని ఎంచుకుంటుందా అని చివరిదాకా టెన్షన్. ఆమె ఎవర్నీ ఎంచుకోదు. కొడుకు చేసిన అన్యాయం చూసిన అత్తగారు కోడలితో కలిసి వెళ్లిపోతుంది. 1977లో తమిళంలో 'అవర్‌గళ్', 79లో మనకు. ఆ చెడ్డ భర్త తమిళంలో రజనీ, తెలుగులో చిరంజీవి. ఇద్దరూ తర్వాత ఏమయ్యారో తెలుసుగా.

జెన్‌జీ_సాయి
ఎండింగ్ చెప్పేశారు అంకుల్ 😭 సరే, ఇప్పుడు చూడాలనిపిస్తోంది.

లావణ్య_కె
ఆ ముగింపు నాకూ ఇష్టం. అందుకే నా బాధ. ఇంత దూరం ఆలోచించగలిగిన మనిషి మరో చరిత్ర చివర అలా ఎందుకు చేశారని.

డల్లాస్_దుర్గ
@లావణ్య_కె కలిసి బతికారని చూపిస్తే ఇంటికి పోయి మరిచిపోతాం అనుకున్నారేమో. కానీ ఆ అఘాయిత్యం లేకుండా కూడా రాయొచ్చు. అక్కడ నేను మీ వైపే.

నిరుద్యోగి_నరేష్
పేరు చూసి నవ్వకండి, గ్రూప్స్‌కు చదువుతున్నా. కుర్రాడు అడిగిన తిండి సీను గురించి నేను చెప్తా. ఆకలి రాజ్యంలో ఢిల్లీలో ముగ్గురు కుర్రాళ్లు, ఉద్యోగాల్లేవు, గదిలో గింజ లేదు. బయటి మనిషికి ఆ సంగతి తెలియకూడదు. ఖాళీ కంచాల ముందు కూర్చుని, వడ్డించినట్టు, కలుపుకున్నట్టు, తిన్నట్టు చేస్తారు. త్రేన్పు కూడా. నవ్వొస్తుంది ముందు. తర్వాత గొంతులో అడ్డం పడుతుంది. ఎవడూ "మేం పేదవాళ్లం" అనడు. పరువు మాత్రమే కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మా కోచింగుల అశోక్‌నగర్‌లో ఇంటినుంచి ఫోన్ వచ్చినప్పుడు "తిన్నావా" అంటే "ఇప్పుడే తిన్నా" అని మేమందరం చెప్పే మాటే అది. దీన్ని పాత మెలోడ్రామా అన్నవాళ్లకు నెలాఖరు అంటే ఏమిటో తెలియదు.

కృష్ణానగర్_కుర్రాడు
@నిరుద్యోగి_నరేష్ అన్నా, ఈ పోస్టు ప్రింటు తీసి చర్చల గదిలో అంటిస్తా.

పాతపాట
ఆ సినిమాలోనే "కన్నె పిల్లవని కన్నులున్నవని" పాట చూడండి. శ్రీదేవి నోటితో బాణీ ఇస్తుంది, కమల్ దానికి అప్పటికప్పుడు మాటలు కడతాడు. ఆమె అడుగుతుంది, అతను అందుకుంటాడు. పాట అయ్యేసరికి ఇద్దరి మధ్య ప్రేమ పుట్టేసింది. విడిగా ప్రేమ సీను రాయక్కర్లేదు. పాటలు వచ్చినప్పుడు కథ ఆగకపోవడం అంటే ఇది.
తమిళంలో ఆ హీరో మహాకవి సుబ్రహ్మణ్య భారతి కవితలు చదువుతాడు. తెలుగులో శ్రీశ్రీ. ఆ ఒక్క మార్పుతో సినిమా మనదైపోయింది.

రాజమండ్రి_రవి
చివర మంగలి షాపులో కొడుకును తండ్రి చూసే సీను కూడా. సంగీత విద్వాంసుడైన తండ్రి, కత్తెర పట్టుకున్న కొడుకు. ఏ పనైనా పనే అని గట్టిగా నిలబడతాడు కుర్రాడు.

మాంబళం_మూర్తి
సంగీతం అన్నారు కాబట్టి 'సింధు భైరవి', 1985. పెద్ద విద్వాంసుడు కచేరీలో తెలుగు కీర్తన పాడుతుంటే, ఒక అమ్మాయి లేచి మాకు అర్థమయ్యే తమిళ పాట ఎందుకు పాడరని అడుగుతుంది. మీరే పాడండి అంటారు. ఆమె పల్లెపాట ఎత్తుకుంటుంది. ఆ పల్లెపాట నడుస్తూ నడుస్తూ త్యాగరాజస్వామి "మరి మరి నిన్నే" లోకి వెళ్లి కలుస్తుంది. ఇళయరాజా, చిత్ర, సుహాసిని ముగ్గురికీ జాతీయ అవార్డులు. ఒక తెలుగువాడిగా నాకు ఆ ప్రశ్న గుచ్చుకోలేదు. కీర్తనను తక్కువ చెయ్యలేదు, దాని గుమ్మం దగ్గరికి పల్లెపాటను తీసుకొచ్చి నిలబెట్టారు.

వైజాగ్_వాసు
అదే దారిలో రుద్రవీణ, 1988. శాస్త్రీయ సంగీతం ఇంటి గడప దాటకూడదనే తండ్రి జెమినీ గణేశన్, పాట ఊరికి ఉపయోగపడాలనే కొడుకు చిరంజీవి. సిరివెన్నెల పాటలు. జాతీయ సమైక్యత అవార్డు, ఇళయరాజాకు, బాలూ గారికి అవార్డులు. నాగబాబు నిర్మాత. డబ్బులు మాత్రం రాలేదు. చిరంజీవి స్టెప్పులు వేసే రోజుల్లో అది చెయ్యడానికి ఎంత ధైర్యం కావాలి!

సినీపిచ్చి79
రుద్రవీణ మా నాన్న మొదటి వారం చూసి నచ్చక, టీవీలో వచ్చినప్పుడు ఏడ్చారు.

డల్లాస్_దుర్గ
ఇన్ని చెప్పారు, షావుకారు జానకి గారి మాటే లేదు! మన తెలుగు అమ్మాయి. హీరోయిన్ వేషాలు తగ్గే వయసులో ఆమెకు బాలచందర్ పెద్ద పాత్రలు రాశారు. 'ఇరు కోడుగళ్', అంటే రెండు గీతలు, 1969. ఆఫీసులో గుమాస్తా. పై అధికారిగా వచ్చిన కలెక్టర్ అతను వదిలేసిన మొదటి భార్య. గీతను చెరపకుండా చిన్నది చెయ్యాలంటే పక్కన పెద్ద గీత గియ్యాలన్నది కథంతటికీ ఇరుసు. మనకు జమున గారితో 'కలెక్టర్ జానకి'గా వచ్చింది. ఏజీ ఆఫీసులో పనిచేసిన మనిషి కాబట్టే, ఫైలు సంతకానికి వెళ్లే గుమాస్తా నడక కూడా ఆయనకు తెలుసు.

పరిషత్_నటుడు
ఆ సినిమా ఒక్కటి చాలు స్క్రీన్‌ప్లే పాఠానికి. ఇంట్లో రెండో భార్యకు ఏం తెలుసు, ఆఫీసులో కలెక్టర్‌కు ఏం తెలుసు, మధ్యలో భర్త ఎవరి దగ్గర ఏం దాచాడు. మూడు కాగితాల మీద రాసుకుని చూడు కుర్రాడూ, సీన్లు ఎలా కట్టారో కనిపిస్తుంది.

లావణ్య_కె
నా లెక్కలో ఆయన అత్యుత్తమం 'తణ్ణీర్ తణ్ణీర్', 1981. దాని గురించి ఎవరూ చెప్పలేదు. కోమల్ స్వామినాథన్ నాటకం ఆధారం. కోవిల్పట్టి దగ్గర నీళ్లు లేని అత్తిపట్టి అనే ఊరు. పరారీలో ఉన్న ఖైదీ బండి మీద నీళ్లు తెస్తాడు. ఊరు తనే కాలువ తవ్వుకుందామంటే అధికారులు ఒప్పుకోరు. సరిత అందులో పల్లెటూరి పోలీసు భార్య. ఉత్తమ స్క్రీన్‌ప్లేకు జాతీయ అవార్డు బాలచందర్‌కే. ఇక్కడ మధ్యతరగతి ఇల్లు లేదు, సభ లేదు, అయినా రాత ఎంత గట్టిగా ఉందో. "మనుషుల ఇళ్లు మాత్రమే రాశారు" అనేవాళ్లకు ఇది చూపించాలి. మాది అనంతపురం వైపు. బిందెల వరుసలో మా అమ్మ నిలబడ్డ గంటలు నాకు ఆ సినిమాలో కనిపించాయి.

మాంబళం_మూర్తి
@లావణ్య_కె అక్షరాలా. ఆయన విమర్శకులు కూడా ఆ సినిమా దగ్గర తల వంచుతారు. ఇంకొకటి చేర్చుకోండి, ఆయన సొంత సంస్థ కవితాలయ. 'రోజా' తీసింది వాళ్లే, 1992లో. మణిరత్నం, కొత్త కుర్రాడు రెహమాన్. తను తీయని కథను కూడా గుర్తుపట్టగల మనిషి. బాలచందర్‌కు 2010కి ఫాల్కే అవార్డు ఇచ్చారు.

జెన్‌జీ_సాయి
అప్డేట్: ఇది కథ కాదు పూర్తిగా చూశా. జూమ్‌లు ఇప్పటికీ నచ్చలేదు. కానీ జయసుధ ఒక్కసారి కూడా జాలి అడగలేదు. అది మా జనరేషన్ సినిమాల్లో కూడా లేదు.

నిరుద్యోగి_నరేష్
@జెన్‌జీ_సాయి ఇప్పుడు ఆకలి రాజ్యం. తిని కూర్చో.

కృష్ణానగర్_కుర్రాడు
అందరికీ దండం. వరుస ఇలా పెట్టుకున్నా: భలే కోడళ్లు, అంతులేని కథ, మరో చరిత్ర, ఇది కథ కాదు, ఆకలి రాజ్యం, తణ్ణీర్ తణ్ణీర్, రుద్రవీణ. తమిళం రాదు, సబ్‌టైటిల్స్‌తో చూస్తా. ఇరు కోడుగళ్‌కు పరిషత్ గారు చెప్పినట్టు మూడు కాగితాలు పెట్టుకుంటా. అయ్యాక నోట్స్ ఇక్కడే పెడతా.

పాతపాట
సింధు భైరవి మరిచావు. తెలుగు డబ్బింగ్ ఉంది, కానీ తమిళంలోనే చూడు, ఆ కచేరీ సీను కోసం.

లావణ్య_కె
నోట్స్ పెట్టేటప్పుడు మరో చరిత్ర ముగింపు నువ్వైతే ఎలా రాసేవాడివో కూడా రాయి. వాదన అక్కడినుంచి కొనసాగిద్దాం.